కొమ్ముకోనానికి మా పేపరు పెట్టిన పేర్లు

పాలెం పెద్ద, పెద్దకాపు, మా పేపరు మడతలు విప్పి, వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. జిల్లా పేజీలో కింది భాగాన, నా పేరుతో వచ్చిన వార్త.

“ఇది మీ పేపరే గదా సార్?”

“మాదే.”

“ఈ పేరు మీదే గదా?”

“నాదే.”

“అయితే మీరే చదవండి. నేను చదివితే మా వాళ్ళు నమ్మరు. నా పక్క తిప్పి చదివినానంటారు.”

చదివాను. ‘కత్తిచేప ఒక్కసారిగా నీటిలోంచి పైకెగిరి తన బావమరిది శీనయ్యను పొడిచిందని ఏడుకొండలు తెలిపారు’ అనే వాక్యం దగ్గరికి రాగానే పెద్దకాపు చెయ్యెత్తి ఆపమన్నాడు. షెడ్డు వాసంలో దోపి ఉన్న ఎండిన ముక్కునొకదాన్ని కిందికి దించాడు. అది అసలైన కత్తిచేప ముక్కు. ఎప్పుడో వాళ్ళ నాయన కాలంలో పడిన చేపది. మూరెడు పొడవు, చప్పటిగా, రెండు పక్కలా అంచు.

“శీనయ్యా, ఇట్టా లేచి రా.”

శీనయ్య కుంటుకుంటూ వచ్చి, వెనక్కి తిరిగి లుంగీ పైకి మడిచాడు. కుడి తొడ వెనక, మానుతున్న గాయం. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత గుంట. పెద్దకాపు ఆ చప్పటి ముక్కును దానిమీద ఆనించి, షెడ్డులో అన్ని పక్కలకూ తిప్పి చూపించాడు.

“ఇది దిగితే చీలిక పడాల. ఇదేమో బొక్క. పేపరోళ్ళకాడ కత్తిచేప అన్యాడు. మనకాడ కొమ్ముకోనం అంటా ఉండాడు. మాట ఎందుకు మారినట్టు?”

“నేను కత్తిచేప అనలా, పెద్దయ్యా,” అన్నాడు ఏడుకొండలు.

“అచ్చులో ఉండాది గదరా!”

నేను లేచి, ఆ మాట అతను అనలేదనీ, నేను రాయలేదనీ, ఆఫీసులో మార్చారనీ చెప్పాను. నా ఫోను తీసి, నేను పంపిన వార్తలో గుండ్రటి కొమ్ముండే ‘కొమ్ముకోనం’ చేప పేరే ఉన్నది చూపించాను. పెద్దకాపు దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు.

“ఫోన్లోది ఎవురైనా మార్చచ్చు సార్. అచ్చు మారదు.”

ఉద్యోగమంతా అచ్చు మీద జనానికి నమ్మకం పెరగాలని కోరుకున్నవాణ్ణి. పెరిగిన నమ్మకం అక్కరలేని చోట కళ్ళముందు నిలబడింది.

ఆ సాయంత్రం దురాయి పడింది. ఊరి అనుమానం అతని చేతి ఈటె మీద. ఏడుకొండలు నిజం చెప్పేదాకా ఆ పాలెంలో ఏ పడవా అతన్ని ఎక్కించుకోకూడదు.

కట్టుబాటు సంగతి

పట్నంలో పెరిగి ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు దురాయి అనగానే వెలి, అన్యాయం, మూఢత్వం అని హెడ్డింగులు కట్టడం మొదలుపెడతారు. కాస్త ఆగండి. దురాయి అంటే ఊరి పెద్దలు కూర్చుని పెట్టే కట్టుబాటు. వేటకు ఏ రోజు సెలవు, ఏ వల వాడకూడదు, తుపాను కబురు వచ్చాక పడవ దించితే ఏం జరుగుతుంది, ఇవన్నీ అక్కడే తేలుతాయి. చెడ్డ దురాయిలూ చూశాను. వాటి గురించి రాసి, ఊళ్ళోకి రావద్దని చెప్పించుకున్నాను కూడా.

ఈ పాలెంలో మాత్రం మెచ్చుకోదగ్గ ఆచారం ఒకటి ఉంది. ఊరి పేరు రాయను, రాస్తే ఇంకో పంచాయితీ. వాకాడు దాటాక ఉందనుకోండి, చాలు. సముద్రంలో ఒకడి చేతి పొరబాటు వల్ల ఇంకొకడికి కత్తో, కొక్కెమో, ఈటో తగిలితే, తగిలించినవాడు ఒడ్డుకు రాగానే గంగమ్మ ముందు కొబ్బరికాయ కొట్టి, ‘నా చేతి వల్ల జరిగింది’ అని అందరూ వినేలా అనాలి. అంతటితో సరి. తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. మర్నాడు ఇద్దరూ అదే పడవ ఎక్కుతారు. దాచిపెట్టాడని తేలితే మాత్రం వాణ్ణి ఎవరూ పడవ ఎక్కనివ్వరు. గట్టు కనపడనంత దూరంలో పక్కవాడి చెయ్యే మన ప్రాణం కాబట్టి, దాచేవాడి చెయ్యి పనికిరాదని వాళ్ళ లెక్క. ఎన్ని కోర్టు వార్తలు రాశానో నాకే తెలియదు గానీ, ఇంత తేలిగ్గా మనుషుల్ని కలిపే పద్ధతి అక్కడ చూడలేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, తప్పు చేయనివాడికి ఈ ఆచారంలో దారి లేదు.

“చెయ్యి జారిందని ఒక్క మాట అనరా. రేపు తెల్లారే పడవెక్కు,” అన్నాడు పెద్దకాపు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే.

“జారలా,” అన్నాడు ఏడుకొండలు. “జారనిదాన్ని జారిందని గంగమ్మకాడ ఎట్టా అనేది?”

పెద్ద చేప పడితే ఏం జరుగుతుంది

నేను నెల్లూరు తీరం వార్తలు రాశాను. బయటి నుంచి చూసేవాళ్ళకు అది తుపానులు, సముద్రంలో తప్పిపోయిన బోట్లు, రొయ్యల చెరువుల గొడవలుగా కనిపిస్తుంది. అవి ఏడాదికి కొన్నిసార్లు. మిగిలిన రోజుల్లో ఆఫీసు నన్ను అడిగింది ఒకటే: పెద్ద చేప పడిందా, ఫొటో ఉందా, పక్కన మనిషి నిలబడ్డాడా. ‘వలకు చిక్కిన భారీ మత్స్యం’ అన్న హెడ్డింగు నేను ఉద్యోగంలో చేరకముందే అక్కడ ఉంది, నేను వచ్చేశాక కూడా ఉంది. చేప మారుతుంది, హెడ్డింగు మారదు.

ఆ చేప ఏమిటన్నది ఎవరికీ అక్కరలేదు. మచ్చల సొరను తిమింగలం అని వేశాం. చాటలా చప్పటిగా ఉండే టేకు చేపను వింత జీవి అని వేశాం. ముక్కు పొడుగ్గా ఉన్న ప్రతిదాన్నీ కత్తిచేప అని వేశాం. డెస్కులో మూర్తి గారని ఇన్‌చార్జి ఉండేవారు. భాష బాగా తెలిసినవారు, అచ్చుతప్పు కనిపిస్తే అన్నం సహించేది కాదు. అయితే తప్పంటే ఆయనకు ఒత్తులో, దీర్ఘంలో ఉండేదే.

“కొమ్ముకోనం అంటే కోవూరు దాటితే ఎవడికి తెలుసయ్యా?” అనేవారు ఫోన్లో. “వరి పండించుకునేవాడు కూడా మన పాఠకుడే. కత్తిచేప అను, కళ్ళకు కడుతుంది.”

“అది కత్తిచేప కాదు సార్.”

“కొమ్ము ఉంది కదా?”

“ఉంది.”

“పొడుస్తుంది కదా?”

“పొడుస్తుంది.”

“మరి కాకపోవడం ఏమిటి?”

ఈ సంభాషణ మా మధ్య నెలకొకసారైనా జరిగేది. నవ్వుకునేవాణ్ణి. జీతం తీసుకుని నవ్వుకునే విషయాల్లో ఇదొకటి అనుకునేవాణ్ణి.

కొత్తగా తీరం వార్తలకు వెళ్ళేవాళ్ళ కోసం తేడా చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. ముందు ముక్కు చూడండి. కత్తిచేపది చప్పటి కత్తి. కొమ్ముకోనాలది గుండ్రటి గూటం, చివరికి సన్నబడుతుంది, చేత్తో నిమిరితే గరుకు కాగితంలా ఉంటుంది. పొట్ట కింద చూడండి. కొమ్ముకోనాలకు అక్కడ దారాల్లాంటి రెండు రెక్కలు వేలాడతాయి. కత్తిచేపకు అవి ఉండవు. తర్వాత వీపు. వీపు పొడవునా తెరచాప లేచినట్టు రెక్క ఉంటే మనకు ఎక్కువగా పడే రకం. తమిళ సరిహద్దుకు దగ్గరవుతున్న కొద్దీ దాన్ని మయిల్ మీను అనడం వింటారు. వీపు రెక్క పొట్టిగా, మెడ దగ్గర ఎద్దు మూపురంలా ఎత్తు ఉండి, పక్క రెక్కలు ఎంత నొక్కినా ఒంటికి ముడుచుకోకుండా బిగుసుకుని ఉన్నాయా, అది నల్లకొమ్ముకోనం. దాని జోలికి పోయేవాళ్ళు ఇంట్లో చెప్పి పోవాలి.

రంగును మాత్రం నమ్మకండి. నీళ్ళలో అది నీలంగా వెలుగుతుంది. కోపం వస్తే ఒంటిమీద చారలు లేస్తాయి. ఇసుక మీదికి వచ్చేసరికి బొగ్గులా ఉంటుంది. మీరు ఫొటో తీసేది ఎప్పుడూ ఆ బొగ్గునే. అందుకే ఫొటో చూసి ‘నల్లకొమ్ముకోనం’ అని రాసేవాళ్ళను చూస్తే కూడా నాకు చిరాకే. చచ్చాక అన్నీ నలుపే.

ఇదంతా చేపలు పట్టేవాళ్ళకు పుట్టుకతో తెలుసనుకుంటే అదీ పొరపాటే. ఒక పాలెంలో ఒక పేరు, పక్క పాలెంలో ఇంకో పేరు, ఇద్దరూ నాదే నిజమంటారు. తూకం వేసేటప్పుడు అన్నిటికీ ఒకటే ధర కాబట్టి తేడా పట్టించుకునే అవసరమూ చాలామందికి లేదు. ముక్కు గుండ్రమా చప్పటా అన్నది మాత్రం అందరికీ తెలుసు. మా కథకు ఆ ఒక్కటే కావలసి వచ్చింది, అదే కొంప ముంచింది.

నీళ్ళలోకి దిగిన ఇద్దరు

ఏడుకొండలును నేను మొదట చూసింది ఈ గొడవకు ముందు ఏడాది. చెన్నై నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి దిగి, రబ్బరు పట్టీలతో పనిచేసే తుపాకీలాంటి దానితో ఈటె వదిలి చేపల్ని కొట్టే సరదా వాళ్ళది. కొమ్ముకోనాన్ని నీళ్ళలోనే కొట్టాలని వాళ్ళ కోరిక. ‘సాహస క్రీడ’ అని అరపేజీ కావాలన్నారు ఆఫీసువాళ్ళు. వాళ్ళను తీసుకుపోవడానికి ఒప్పుకున్న ఫైబరు బోటు ఏడుకొండలుది. ఇంజను దగ్గర అతని బావమరిది శీనయ్య.

మన తీరంలో గట్టు దగ్గర నీళ్ళు బురదగా ఉంటాయి, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. నీలం నీళ్ళు రావాలంటే చాలా దూరం పోవాలి. పోయాం. నాకు రెండుసార్లు వాంతి అయింది, అది వార్తలో రాయలేదు. కానాగంతలనే చిన్న చేపల గుంపు ఒకటి నీటిని ఉడికిస్తున్నట్టు పైకి తేలింది. దాని పక్కనే ఒక రెక్క, వెనక కొడవలిలాంటి తోక. కుర్రాళ్ళిద్దరూ చప్పుడు కాకుండా దిగారు. అంతవరకు వాళ్ళ నేర్పు చూసి నాకే ముచ్చటేసింది. ఒకడు దాదాపు పడవంత దూరంలో చేపకు ఎదురుగా నిలిచాడు. గురి కుదిరింది. వదలకుండా పైకి తేలాడు.

“మార్లిన్‌రా అది, ఈ ఈటెకు ఆగదు!”

“సెయిల్‌ఫిషే. తెర దించుకుంది, అంతే. కొట్టు!”

“పక్క రెక్కలు చూశావా నువ్వు?”

“నువ్వు చూశావా?”

మార్లిన్ అంటే వాళ్ళ లెక్కలో నల్లకొమ్ముకోనం, సెయిల్‌ఫిష్ అంటే తెరచాప రెక్కది. ఏడుకొండలు పడవ అంచున కూర్చుని ఇద్దరినీ చూశాడు.

“మీరు పేరు పెట్టేలోపల అది లంక చేరినాది, దిగినోళ్ళు ఎక్కండబ్బా.”

శీనయ్య ఇంజను మీద వాలిపోయి నవ్వాడు. అరపేజీలో ఆ మాట తప్ప చదవదగ్గది ఏమీ లేదు. ఆ మాటనే మూర్తి గారు తీసేశారు, క్రీడాకారులను కించపరిచినట్టు ఉందని.

వెళ్ళేటప్పుడు ఆ కుర్రాళ్ళు ఏడుకొండలుకు ఒక ఈటె కడ్డీ ఇచ్చిపోయారు. తుప్పు పట్టని స్టీలుది, వేలి లావున గుండ్రంగా, చివర మడిచి తెరుచుకునే ముల్లుతో. అతను దానికి వెదురు పిడి బిగించి, వెనక తాడు, తాడుకొక తేలే డబ్బా కట్టుకున్నాడు. గాలానికి పడిన పెద్ద చేప పడవ పక్కకు వచ్చాక చేత్తో విసిరి పొడవడానికి. మన తీరంలో అలాంటి కడ్డీ ఇంకొకరి దగ్గర ఉందని నేను వినలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

శీనయ్యకు అది నచ్చలేదు. పెద్ద చేప అలిసేదాకా తాడు వదిలి, చివర్లో కొక్కెంతో లాగడమే అతని పద్ధతి. అలిసిపోకముందే పొడిస్తే చేప రెచ్చిపోతుందంటాడు. “బావకు కొత్త బొమ్మ దొరికినాది,” అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఈ మాట తర్వాత దురాయిలో బావ మీద సాక్ష్యంగా పనికొచ్చింది.

ఆ పగలు

జరిగింది ఇద్దరూ చెప్పినదాన్నిబట్టి ఇది. ఇద్దరూ విడివిడిగా చెప్పారు, ఎక్కడా తేడా రాలేదు, ఒక్క చోట తప్ప. ఆ చోట ఇద్దరిలో ఒకరు చూడలేదు.

పడవలో వాళ్ళిద్దరే. గాలానికి పెద్దది పడింది. ఎండెక్కేదాకా లాగి వదిలి, లాగి వదిలి పక్కకు తెచ్చారు. వీపు రెక్క పొట్టిదనీ, పక్క రెక్కలు కర్రల్లా నిలబడి ఉన్నాయనీ ఏడుకొండలు చెప్పాడు. అంటే నల్లదే కావచ్చు. శీనయ్య ఇంజను ఆపడానికి వెనక్కి తిరిగి వంగాడు. ఏడుకొండలు ఈటె విసిరాడు.

ఆ తర్వాత శీనయ్యకు తెలిసింది తొడలో నిప్పు దిగినట్టు అనిపించడం. తిరిగి చూసేసరికి నీళ్ళు పైకి లేచి పడుతున్నాయి, గాలం తాడు తెగింది, ఈటె లేదు, డబ్బా లేదు, చేప లేదు. ఈటె చేప వీపులో దిగిందనీ, అది ఎగిరి శీనయ్యను పొడిచి, పడవ మీదుగా అవతలికి పడి, డబ్బాతో సహా లాక్కుపోయిందనీ ఏడుకొండలు చెప్తాడు.

అడ్డంగా చెప్పేవాళ్ళు వేరేలా చెప్తారు. విసిరిన ఈటె గురి తప్పి శీనయ్య తొడలో దిగింది, దాన్ని ఊడబెరికి సముద్రంలో పారేసి, చేప మీద పెట్టాడని.

గూడూరులో కుట్లు వేసిన డాక్టరును కలిశాను. ఓపిగ్గానే మాట్లాడాడు.

“గుండ్రటిది, మొనదేలినది ఏదో గుచ్చుకుంది. లోపల కొంచెం చీరుకుంది. అంతవరకే నేను చెప్పగలను.”

“ఈటె అయి ఉండొచ్చా, చేప కొమ్ము అయి ఉండొచ్చా?”

“సార్, ఆ సమయంలో నేను రక్తం ఆపుతున్నాను. చేప గురించి ఆలోచించలేదు.”

ఆయనది సరైన జవాబు. నా ఉద్యోగంలో సరైన జవాబులు విన్నప్పుడల్లా వార్త ఆగిపోయేది.

నేను రాసిన వార్తలో చేప పేరు కొమ్ముకోనం. గాయం గుండ్రం. చేప తప్పించుకుంది. ఏడుకొండలు మాటలు అతను అన్నట్టే. మర్నాడు అచ్చులో కొమ్ముకోనం పోయి కత్తిచేప వచ్చింది, అదీ అతని నోటితో. చేపకు తప్పు పేరు పెడితే చేప ఏమీ అనదు. మనిషి నోట్లో తప్పు పేరు పెడితే అది వాంగ్మూలం అవుతుంది. పుస్తకంలో చదివితే మామూలు మాటలాగే ఉంటుంది ఇది. రేకుల షెడ్డులో వినండి, తేడా తెలుస్తుంది.

సవరణ

దురాయి పడిన మర్నాడే నెల్లూరు ఆఫీసుకు వెళ్ళాను. మూర్తి గారి బల్ల ముందు నిలబడి, ఒక మనిషి బతుకు ఆగిపోయిందని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి నిజంగానే బాధపడ్డారు. రాతిమనిషి కాదు.

“సవరణ వేద్దాం. అంతేగా?”

“కొమ్ముకోనం అని వేయండి. కత్తిచేప అన్నది అతని మాట కాదని కూడా వేయండి.”

“అలాగే.”

నేను మెట్లు దిగాక ఆయన సెలవులోకి వెళ్ళారు. సవరణ పని ఇంకొకరి చేతికి వచ్చింది. ఆ ఇంకొకరికి కొమ్ముకోనం అంటే తెలియదు. కత్తిచేప కాదంటున్నారు, ముక్కు పొడుగంటున్నారు, మరి ఏమై ఉంటుందని కంప్యూటరులో బొమ్మలు వెతికాడు. మూడో రోజు పేపర్లో ఇలా ఉంది: ‘కత్తిచేప అని పొరబాటున ప్రచురితమైంది. రంపపు చేప అని చదువుకోగలరు.’ పాఠకుల సౌకర్యం కోసం బొమ్మ కూడా వేశారు.

రంపపు చేప చట్టం కింద రక్షణ ఉన్న జీవి. పట్టినా, చంపినా కేసు. రెండు రోజుల్లో పాలెంలోకి అటవీ శాఖ జీపు వచ్చింది. దిగిన ఉద్యోగి చేతిలో మా పేపరు ముక్క.

“రంపపు చేపను పొడిచిన ఏడుకొండలు ఎవరు?”

నేను వెళ్ళేసరికి పెద్దకాపు జీపు ముందు నిలబడి ఉన్నాడు. ఊరంతా చుట్టూ.

“మొన్న కత్తి. మా కాడ కొమ్ము. ఈ పొద్దు రంపం,” అన్నాడు నన్ను చూసి. “సార్, మీ ఆఫీసులో వడ్రంగి కొట్టు గానీ పెట్టుకోని ఉండారా?”

జనం నవ్వారు. అటవీ ఉద్యోగి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. శీనయ్య గాయం చూసి, రంపం పళ్ళ గుర్తు ఏదీ లేదని అతనే తేల్చి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఈ వ్యవహారంలో కళ్ళు పెట్టి చూసిన ఉద్యోగి అతనొక్కడే.

ఏడుకొండలు మాత్రం నవ్వలేదు. జీపు వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు.

“సార్, ఒక్క సాయం చెయ్యండి.”

“చెప్పు.”

“ఇంకేమీ రాయబాకండి.”

మూర్తి గారు సెలవు నుంచి వచ్చాక ఇంకో సవరణ వేద్దామన్నారు. వద్దన్నాను. నా వృత్తి జీవితంలో సవరణ వద్దని చెప్పింది ఆ ఒక్కసారే. రెండో పేరు అచ్చయ్యాక మూడో పేరును ఎవరూ నమ్మరు, అది నిజమైన పేరైనా సరే.

ఒక మొగుడు, ఒక తమ్ముడు

ఏడుకొండలు భార్య పోలమ్మ, శీనయ్యకు అక్క. రెండిళ్ళకూ మధ్య ఒక గోడే. దురాయి తర్వాత ఆమె వండిన కూర గిన్నె గోడ మీదుగా వెళ్ళడం ఆగలేదు గానీ, మాటలు ఆగాయి.

ఒక రోజు నేను అక్కడ కూర్చుని ఉండగానే ఆమె మొగుణ్ణి నిలదీసింది.

“ఒక టెంకాయి కొట్టు మామా. నోటిమాట. గంగమ్మకు తెలీదా ఏంది నిజం?”

“తెలుసు. అందుకే అనలేను.”

“నీకు తిక్క. వాడు కుంటతా ఉండాడు, నువ్వు గట్టున కూచోని వల అల్లతా ఉండావు. ఎవురు బాగుపడినారు?”

“ఈ పొద్దు నేను ఒప్పుకున్నాననుకో. రేప్పొద్దున శీనయ్య నా పడవ ఎక్కతాడా? ఎక్కినా, వెనక్కి తిరిగి ఇంజను ఆపతాడా?”

గోడ అవతల నుంచి శీనయ్య గొంతు వచ్చింది. అంతసేపూ వింటున్నాడని అప్పుడే తెలిసింది.

“నువ్వు పొడిచినావని నేను యాడా అనలా, బావా.”

“పొడవలేదని అన్నావా?”

“నేను చూడలా గదా,” అన్నాడు శీనయ్య.

నేను విన్న సాక్ష్యాలన్నిటిలో నిజాయితీ గలది అదే. దానివల్లే అందరికంటే ఎక్కువ నష్టం కూడా జరిగింది. అతను ‘చేపే’ అని ఒక్క అబద్ధం ఆడితే దురాయి ఆ రోజే ఎత్తేసేవాళ్ళు. బావ ‘నేనే’ అని ఒక్క అబద్ధం ఆడినా ఎత్తేసేవాళ్ళు. ఇద్దరూ ఆడరు. ఇద్దరూ సముద్రం మీద ఒకే మనిషి దగ్గర పని నేర్చుకున్నారట, ఏడుకొండలు తండ్రి దగ్గర. ఆయన మీద నాకు అప్పుడప్పుడు కోపం వస్తుంది.

నా అభిప్రాయం అడుగుతారు కాబట్టి చెప్తాను. చేపే పొడిచిందని నా నమ్మకం. ముల్లున్న కడ్డీని తొడలోంచి ఊడబెరికితే గాయం ఇంకా ఘోరంగా ఉండేదని నా లెక్క. కానీ నేను ఆ పడవలో లేను. నమ్మకం నాది, వార్త కాదు. ఈ తేడా తెలియని వాళ్ళు మన వృత్తిలో పెరుగుతున్నారు. ఫోన్లు చేసి “సార్, ఆ కత్తిచేప కథ బాగుంటుంది, వీడియో చేద్దాం” అంటున్నారు. కత్తిచేప కాదని చెప్తే, “ఏదో ఒకటి సార్, టైటిల్ కోసం,” అంటున్నారు. మూర్తి గారు కనీసం ఒత్తులు చూసేవారు.

వీపు తడిమే చెయ్యి

దీన్ని తేల్చగలిగేది ఇక ఒకటే. స్టీలు కడ్డీ తుప్పు పట్టదు. అది చేప వీపులో ఉంటే, ఆ చేప బతికి ఉంటే, ఎప్పుడో ఎక్కడో ఏదో ఒడ్డున పడుతుంది. కనీసం విరిగిన ముక్కైనా కండలో ఉంటుంది. పెద్దకాపు కూడా ఒప్పుకున్నాడు: “ముల్లు చూపించండి, ఆ క్షణమే దురాయి తీసేస్తా. టెంకాయి నేనే కొడతా, ఏడుకొండలు కాళ్ళకాడ.” ఆ మాట అందరి ముందూ అన్నాడు.

కాకపోతే ఆ చేపకు సరిహద్దులు లేవు. ఈ నెల మన దగ్గర, పై నెల లంక అవతల, ఆ పై నెల ఒడిశా వైపు. రిటైరయ్యాక నాకు మిగిలిన వృత్తి ఇదే. కాకినాడలో, విశాఖలో, చెన్నై హార్బరులో పాత పరిచయాలకు ఫోను చేస్తుంటాను. కొమ్ముకోనం పడిందా, వీపు మీద పాత మచ్చ ఉందా, కోసేటప్పుడు కత్తికి ఏమైనా తగిలిందా అని. మొదట్లో నవ్వారు. ఇప్పుడు నేను నోరు తెరవకముందే “లేదండీ” అంటున్నారు.

కిందటి వారం పాలెం వెళ్ళాను. ఎవరి పడవకో తెరచాప రెక్క కొమ్ముకోనం ఒకటి పడింది. ఇసుక మీద నల్లగా మారుతోంది. ఒక కుర్ర విలేకరి ఫొటో తీస్తూ, మనిషిని పక్కన నిలబడమంటున్నాడు. బేరగాళ్ళు తూకం దగ్గర ఉన్నారు. పోలమ్మ గుంపును తోసుకుని వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మెడ దగ్గర నుంచి తోక దాకా చేప వీపును రెండు చేతులతో నొక్కుతూ తడిమింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. కత్తి పట్టుకున్నవాడు ఆమె లేచేదాకా ఆగాడు. ఇప్పుడు ఆ ఒడ్డున అదొక పద్ధతి అయిపోయింది. ఏ కొమ్ముకోనం పడినా ఆమె తడిమేదాకా కోయరు.

“ఆమె ఏం చేస్తోంది సార్?” అన్నాడు కుర్ర విలేకరి.

“ముందు చేప పేరు కనుక్కో,” అన్నాను.

పోలమ్మ చేతులు ఇసుకలో రుద్దుకుని ఇంటివైపు వెళ్ళింది. గట్టు మీద వల అల్లుతున్న ఏడుకొండలు తలెత్తి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఇది రాస్తున్న రోజుకు ఆ కడ్డీ దొరకలేదు. దురాయి అలాగే ఉంది.